మీ సొసైటీకి సహకార యూనియన్ నుంచి ట్రైనింగ్ తెప్పించుకోవడం ఎలా (వైజాగ్ చుట్టుపక్కల సొసైటీల వాళ్ల కోసం)

మీరు ఏదో ఒక సొసైటీలో మెంబరో, డైరెక్టరో, సెక్రటరీనో అయితే ఇది మీ కోసమే రాస్తున్నా. వైజాగ్‌లో ఎన్ని రకాల సొసైటీలున్నాయో చూడండి, జాలారిపేట వైపు మత్స్యకార సంఘాలు, స్టీల్ ప్లాంట్, పోర్టు ఉద్యోగుల క్రెడిట్ సొసైటీలు, ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి వైపు రైతుల పీఏసీఎస్‌లు (ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలు), హౌస్ బిల్డింగ్ సొసైటీలు, లేబర్ కాంట్రాక్ట్ సొసైటీలు, ఆడవాళ్ల పొదుపు మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార) సంఘాలు. వీటిల్లో ఎక్కువ చోట్ల మెంబర్‌కి తెలిసింది రెండే, లోన్ ఎప్పుడిస్తారు, డివిడెండ్ ఎంతిస్తారు. బైలా, అంటే సొసైటీ సొంత రూల్స్ పుస్తకం, మొహం చూసిన మెంబర్లు చాలా తక్కువ, బ్యాలెన్స్ షీట్ చదవగలిగినవాళ్లు ఇంకా తక్కువ. ఈ లోటు తీర్చడానికే సహకార యూనియన్ అనేది పెట్టారు, కానీ దాని దగ్గరికెళ్లి ఏం అడగాలో, ఎలా అడగాలో తెలియక మనవాళ్లు ఊరుకుంటున్నారు.

నేను చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తా. యూనియన్ నుంచి ట్రైనింగ్ అడిగేటప్పుడు మొదట మామూలు మెంబర్లకి అడగండి, డైరెక్టర్లకి ఆ తర్వాత. అన్నిచోట్లా దీనికి రివర్స్‌లో జరుగుతోంది, ప్రెసిడెంట్, సెక్రటరీ వెళ్లి బ్యాగూ నోట్‌బుక్కూ తెచ్చుకుంటారు, నేర్చుకున్నది వాళ్లతోనే ఉండిపోతది, ఐదేళ్ల తర్వాత కమిటీ మారితే అదీ పోద్ది. మెంబర్లకి తెలిస్తే మాత్రం కమిటీలు ఎన్ని మారినా సొసైటీలో అడిగేవాళ్లు మిగులుతారు.

ముందు యూనియన్ అంటే ఏంటో క్లియర్‌గా పెట్టుకుందాం, ఎందుకంటే చాలామంది దాన్ని డీసీఓ (జిల్లా సహకార అధికారి) ఆఫీసుతోనో డీసీసీబీ (జిల్లా కేంద్ర సహకార బ్యాంకు)తోనో కలిపేస్తారు. డీసీఓ ఆఫీసు అంటే ప్రభుత్వం, రిజిస్ట్రేషన్, ఆడిట్, ఎలక్షన్, ఎంక్వైరీ వాళ్ల పని. డీసీసీబీ బ్యాంకు, అప్పులివ్వడం వాళ్ల పని. యూనియన్ అప్పులివ్వదు, ఎరువులు అమ్మదు, ఎవరి మీదా ఎంక్వైరీ వేయదు. సొసైటీలే మెంబర్లుగా చేరి పెట్టుకున్న సంస్థ అది, దాని పనల్లా సహకార విద్య, శిక్షణ, ప్రచారం, సొసైటీల తరఫున ప్రభుత్వం దగ్గర మాట్లాడటం. ప్రాంతం స్థాయిలో ఒకటి, రాష్ట్ర స్థాయిలో ఒకటి, అన్నిటికీ పైన ఢిల్లీలో నేషనల్ కోఆపరేటివ్ యూనియన్ ఆఫ్ ఇండియా, ఎన్‌సీయూఐ అంటారు, అది 1929లో వేరే పేరుతో మొదలై 1961 నుంచి ఈ పేరుతో ఉంది.

సహకార రంగంలో చదువు అనేది ఎవరో దయతలిచి పెట్టింది కాదు. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో కొంతమంది నేత కార్మికులు కలిసి కొట్టు పెట్టుకున్నారే, ఇప్పుడున్న సహకార సంఘాల పద్ధతికి పునాది వాళ్లదే, మిగులులో రెండున్నర శాతం మెంబర్ల చదువుకని పక్కన పెట్టేవాళ్లు, ఆ డబ్బుతో పుస్తకాలు, పేపర్లు తెప్పించుకుని చదివేవాళ్లు. 1995లో మాంచెస్టర్‌లో అంతర్జాతీయ సహకార కూటమి ఒప్పుకున్న ఏడు సూత్రాల్లో ఐదోది విద్య, శిక్షణ, సమాచారం. మన దగ్గర కూడా సహకారం ఏమీ కొత్త కాదు, విశాఖపట్నం కోఆపరేటివ్ బ్యాంకు 1916లో పెట్టింది, ఏటికొప్పాకలో రైతులు 1933లోనే సహకార చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. అంత పాత చరిత్ర ఉన్న చోట ఇప్పటికీ మెంబర్‌కి తన వాటాధనం ఎంతో తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటది.

ఇక పనిలోకి వద్దాం. మొట్టమొదట మీ సొసైటీ యూనియన్‌లో మెంబరా కాదా చూసుకోండి. సెక్రటరీని అడిగితే ఉన్నాం అనే అంటారు, నోటిమాటతో వదలకుండా అఫిలియేషన్ ఫీజు, ఏటా కట్టే చందా రసీదులు చూపించమనండి. దాంతో పాటు సహకార విద్యా నిధికి మీరు ఎంత కట్టారో కూడా చూడండి. లాభం వచ్చిన ఏడాది అందులోంచి విద్యా నిధికి కొంత తీయాలనేది మీ చట్టంలో, బైలాలో ఉంటది, లాభాల పంపకం అనే హెడ్డింగ్ కింద వెతకండి. ఒకటి కన్నా ఎక్కువ రాష్ట్రాల్లో పనిచేసే మల్టీ స్టేట్ సొసైటీ అయితే 2002 చట్టం 63వ సెక్షన్ ప్రకారం నికర లాభంలో 1 శాతం సహకార విద్యా నిధికి కట్టాలి. మీరు డబ్బు కడుతున్నారంటే ట్రైనింగ్ అడగడం మీ హక్కు, మొహమాటం అక్కర్లేదు. కట్టకపోతే ముందు బకాయి కట్టి రసీదు జతచేసి అప్పుడు అడగండి, లేకపోతే మొదటి ప్రశ్నే అదొస్తది.

ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. యూనియన్‌లో మీ సొసైటీ మెంబరైతే యూనియన్ మహాజన సభకి మీ తరఫున ఒక డెలిగేట్ వెళ్లొచ్చు, అక్కడ ఓటు ఉంటది. ఆ డెలిగేట్‌గా ఎవరిని పంపుతున్నాం అన్నది కమిటీలో రెండు నిమిషాల్లో తేల్చేస్తారు, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు. అలా చేయకండి. యూనియన్ ఏడాదికి ఎన్ని క్లాసులు పెట్టింది, ఎవరికి పెట్టింది, విద్యా నిధి ఎటు ఖర్చయింది అని లేచి అడగగలిగే మనిషిని పంపండి. కొన్ని చోట్ల యూనియన్ పని అంటే నవంబర్ 14 నుంచి 20 వరకు సహకార వారోత్సవాల్లో ఏడు రంగుల జెండా ఎగరేసి, దండలేసి, ఉపన్యాసాలు ఇవ్వడంతో అయిపోద్ది, జెండా ఎగరేయడం మంచిదే, కానీ మిగతా యాభై ఒక్క వారాల సంగతి అడగాల్సింది మెంబర్ సొసైటీలే.

తర్వాత తీర్మానం. ఊరికే ఫోన్ చేసి "సార్ మాకో క్లాస్ పెట్టండి" అంటే ఎవరూ పెట్టరు. మీ మేనేజింగ్ కమిటీ మీటింగ్‌లో ఎజెండాలో పెట్టి తీర్మానం రాయండి, నంబర్ వేయండి, ఆ కాపీ జత చేసి లెటర్ రాయండి. లెటర్‌లో చాలామంది చేసేది ఏంటంటే "మా సభ్యులకు సహకార శిక్షణ ఇప్పించగలరు" అని ఒక్క లైన్ రాసి సంతకం పెట్టేస్తారు, దానికి వాళ్లు కూడా ఏదో ఒక రెడీమేడ్ క్లాస్ తెచ్చి 1904 నాటి మొదటి సహకార చట్టం నుంచి మొదలుపెట్టి చెప్పి వెళ్లిపోతారు. అలా కాకుండా వివరంగా రాయండి, మా సంఘంలో మెంబర్లు ఇంతమంది, అందులో ఆడవాళ్లు ఇంతమంది, చదవడం రాయడం రానివాళ్లు సుమారు ఇంతమంది, మా రిజిస్ట్రేషన్ 1964 సహకార సంఘాల చట్టం కిందో 1995 మ్యాక్స్ చట్టం కిందో, మాకు కావాల్సింది పాస్‌బుక్ చదవడం, బైలా, బ్యాలెన్స్ షీట్ ఈ మూడే, క్లాస్ తెలుగులోనే కావాలి, ఫలానా వారంలో ఫలానా టైమ్‌కి మా ఊళ్లోనే కావాలి. చట్టం ఏదో రాయడం మర్చిపోకండి, రెండిటికీ రూల్స్ వేరు, 1964 చట్టం సొసైటీలో రిజిస్ట్రార్ చేయి చాలా దూరం వస్తది, మ్యాక్స్‌లో ప్రభుత్వ వాటాధనం ఉండదు, బాధ్యత మొత్తం డైరెక్టర్ల మీదే, మెంబర్ల మీదే. ఒకదానికి చెప్పాల్సిన పాఠం ఇంకోదానికి చెప్తే వినేవాళ్లు అయోమయంలో పడతారు. లెటర్‌కి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి, కాపీ డీసీఓ ఆఫీసుకి కూడా పంపండి.

డేట్ దగ్గర చాలా మంచి ట్రైనింగులు పాడైపోవడం చూశాను. మత్స్యకార సంఘాలకైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, 61 రోజులు మరబోట్లు ఒడ్డునే ఉంటాయి, మగవాళ్లు ఊళ్లోనే ఉంటారు, వలలు బాగు చేసుకుంటూ ఉంటారు, క్లాసులకి అంతకంటే మంచి టైమ్ ఏడాదిలో దొరకదు. అదే చేపలమ్మే ఆడవాళ్లకైతే పొద్దున్న హార్బర్‌లో బేరం, సాయంత్రం బజారు, మధ్యలో మధ్యాహ్నం రెండు గంటల టైమే, పది గంటలకి క్లాస్ అని పిలిస్తే ఒక్కరు రారు, రాలేదని వాళ్లనే అంటారు. రైతు సొసైటీలకి ఊడ్పుల టైమ్‌లో, నవంబర్ డిసెంబర్ కోతల టైమ్‌లో పెట్టకండి, వారోత్సవాలు సరిగ్గా అప్పుడే వస్తాయి కాబట్టి మొక్కుబడి సభలు అన్నీ అప్పుడే పడతాయి, మీరు ఫిబ్రవరి మార్చి అడగండి. స్టీల్ ప్లాంట్‌లాంటి చోట షిఫ్ట్ వాళ్లు ఉంటారు కాబట్టి ఒకే పాఠం పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి చెప్పించండి. సింహాచలం చందనోత్సవం, గిరి ప్రదక్షిణ రోజుల్లో, మార్గశిర గురువారాలు కనకమహాలక్ష్మి గుడి దగ్గర రద్దీ ఉన్నప్పుడు ఎవర్నీ పిలవకండి, రారు.

చోటు కూడా అంతే, ఎవరికి క్లాసో వాళ్ల వీధిలోనే పెట్టండి, సామాజిక భవనమో స్కూలో రామాలయం అరుగో ఏదైనా పర్లేదు. భీమిలి నుంచి ఆడవాళ్లని సిటీలో ఏసీ హాలుకి రమ్మంటే ఆటో ఖర్చు, రోజు బేరం పోవడం, ఇంటి దగ్గర పిల్లలు, ఇవన్నీ లెక్కేసుకుని ఆగిపోతారు. ఒక క్లాస్‌కి ముప్పై నలభై మందికి మించొద్దు. మూడొందల మందిని కూర్చోబెట్టి మైకులో చెప్తే అది మీటింగ్ అవుద్ది గానీ ట్రైనింగ్ అవ్వదు.

ఇప్పుడు అసలు విషయం, ఆ క్లాస్‌లో ఏం చెప్పించాలి. యూనియన్ నుంచి వచ్చే ఇన్‌స్ట్రక్టర్‌కి మీరే ముందు చెప్పండి, చరిత్ర చివర్లో, పాస్‌బుక్ మొదట అని. ప్రతి మెంబర్‌ని పాస్‌బుక్ తెచ్చుకోమనండి, సెక్రటరీని లెడ్జర్ తెమ్మనండి, ఒక్కొక్కరి పేరు పిలిచి వాటాధనం ఎంత, పొదుపు ఎంత, అప్పు అసలెంత, వడ్డీ ఎంత, పాస్‌బుక్‌లో ఉన్నదీ లెడ్జర్‌లో ఉన్నదీ ఒకటేనా కాదా అని అందరి ముందూ చూడటం. అంతే. ఈ ఒక్క పనిలో మెంబర్ నేర్చుకునేది వంద ఉపన్యాసాల్లో నేర్చుకోలేడు, పైగా ఎవరి పేరు మీదైనా వాళ్లకి తెలియకుండా అప్పు రాసి ఉంటే అది ఆ రోజే బయటపడుతుంది. పాస్‌బుక్కులే ఇవ్వని సొసైటీ అయితే ఆ సంగతి కూడా ఆ రోజే తెలుస్తది, అక్కడికక్కడే ఇవ్వమని అడగొచ్చు. సెక్రటరీ నిజాయితీపరుడైతే దీనికి భయపడడు, నేను చూసిన మంచి సెక్రటరీలు దీన్ని సంతోషంగా ఒప్పుకున్నారు, ఎందుకంటే లెక్క అందరి ముందూ సరిపోతే రేపు అతని మీద ఎవరూ నింద వేయలేరు.

రెండో క్లాస్ బ్యాలెన్స్ షీట్. భయపడకండి, పదో తరగతి చదివిన పిల్లలెవరైనా గంటలో పట్టుకోగలరు, చదువు రానివాళ్లు కూడా బోర్డు మీద గీసి చెప్తే పట్టుకుంటారు, చీటీల లెక్కలు నోటితో చెప్పే ఆడవాళ్లకి ఇదేం కష్టం కాదు. ఊరికే ఒక ఉదాహరణ తీసుకుందాం, అంకెలు నేను వేసుకున్నవే. ఒక పొదుపు సంఘం. ఎడమవైపు అంటే సొసైటీకి డబ్బు ఎక్కడ్నుంచి వచ్చింది, వాటాధనం 4 లక్షలు, మెంబర్ల పొదుపు 20 లక్షలు, బ్యాంకు అప్పు 9 లక్షలు, రిజర్వు 50 వేలు, ఈ ఏడాది లాభం లక్షన్నర, మొత్తం 35 లక్షలు. కుడివైపు అంటే ఆ డబ్బు ఎక్కడుంది, మెంబర్లకిచ్చిన అప్పులు 28 లక్షలు, చేతిలో, బ్యాంకులో 2 లక్షలు, బీరువా, కంప్యూటర్, ఆఫీసు సామాన్లు 2 లక్షలు, రావాల్సిన వడ్డీ 3 లక్షలు, ఇదీ 35 లక్షలే. రెండు వైపులా సరిపోయింది, జనరల్ బాడీలో చదివేస్తారు, లాభం లక్షన్నర అనగానే చప్పట్లు, వాటా మీద పది శాతం డివిడెండ్, అంటే 40 వేలు పంచేస్తారు.

ఇక్కడే మెంబర్ ఆగి రెండు ప్రశ్నలు అడగడం నేర్చుకోవాలి. ఒకటి, ఆ 28 లక్షల అప్పుల్లో గడువు దాటిపోయినవి ఎంత? రెండు, రావాల్సిన వడ్డీ 3 లక్షల్లో ఆ మొండి బాకీల మీద వేసిన వడ్డీ ఎంత? రెండో దానికి జవాబు 2 లక్షలు అని వచ్చిందనుకోండి. ఆ 2 లక్షలు ఇంకా ఎవరూ కట్టలేదు, కడతారో లేదో తెలీదు, కానీ ఆదాయంలో కలిపేశారు. దాన్ని తీసేస్తే లాభం లక్షన్నర కాదు, నష్టం 50 వేలు. మరి పంచిన 40 వేలు ఎక్కడివి? పక్కవాళ్ల పొదుపులోవి. అందుకే ఓవర్‌డ్యూ వడ్డీకి విడిగా రిజర్వు చూపించాలంటారు ఆడిటర్లు. ఈ ఒక్క లెక్క ప్రతి మెంబర్‌కీ అర్థమైన సొసైటీలో తప్పుడు లాభం చూపించడం చాలా కష్టం. ఇన్‌స్ట్రక్టర్ ఏదో పుస్తకంలోది కాకుండా మీ సొసైటీ సొంత బ్యాలెన్స్ షీటే బోర్డు మీద వేసి చెప్పాలని పట్టుబట్టండి, ఆడిట్ రిపోర్టులో డిఫెక్టుల లిస్టు కూడా పక్కన పెట్టి చదివించండి.

బైలా క్లాస్ మాత్రం పొట్టిగా చాలు. మెంబర్‌షిప్ ఎలా వస్తది, ఎలా పోతది, ఓటు ఎవరికి, కోరం ఎంత, జనరల్ బాడీకి నోటీసు ఎన్ని రోజుల ముందు, మెంబర్ ఏ కాగితాలు చూడమని అడగొచ్చు, ఇవే. బైలా కాపీలు జిరాక్స్ తీయించి చేతికివ్వండి, అందరికీ అంటే ఖర్చు ఎక్కువ అనుకుంటే వీధికి ఒకటి.

తర్వాత కమిటీ వంతు. డైరెక్టర్లకి సంతకం పెట్టడం అంటే ఏంటో చెప్పించండి. 1964 చట్టంలో 51వ సెక్షన్ కింద ఎంక్వైరీ, 52 కింద ఇన్‌స్పెక్షన్, 60 కింద సర్‌చార్జి, 61 కింద తగాదాల పరిష్కారం, ఈ నాలుగు నంబర్లూ ప్రతి డైరెక్టర్‌కీ తెలియాలి. ముఖ్యంగా 60, సొసైటీ డబ్బుకి నష్టం చేశారని తేలితే ఆ మొత్తం ఆ మనిషి సొంతంగా కట్టాల్సి రావచ్చు. "సెక్రటరీ పెట్టమన్నాడు, పెట్టాను" అనేది అక్కడ నడవదు. మినిట్స్ బుక్‌లో ఖాళీ పేజీ మీద ముందే సంతకాలు తీసుకునే అలవాటు ఉన్న చోట ఈ క్లాస్ అయిన తర్వాత ఆ అలవాటు ఆగిపోద్ది. తీర్మానంతో ఒప్పుకోనప్పుడు ఆ మాట మినిట్స్‌లో రాయించుకోవడం కూడా నేర్పించండి, చాలామందికి అది చేయొచ్చని కూడా తెలీదు. పీఏసీఎస్‌లు 2013 ఎలక్షన్లలో వచ్చిన కమిటీల గడువు అయిపోయాక చాలా ఏళ్లు ప్రభుత్వం వేసిన పర్సన్ ఇన్‌చార్జి కమిటీలతోనే నడిచాయి, ఎన్నికైన కమిటీ ఎలా పనిచేయాలో చూడని తరం ఒకటి తయారైంది, వాళ్లకి ఇది మరీ అవసరం.

సెక్రటరీ, సీఈఓ, క్లర్కుల ట్రైనింగ్ వేరే లెవెల్. క్యాష్ బుక్, డే బుక్, లెడ్జర్ల వరకూ యూనియన్ క్లాసులు సరిపోతాయి. 2022లో కేంద్రం 2,516 కోట్లతో 63,000 పీఏసీఎస్‌ల కంప్యూటరైజేషన్ మొదలుపెట్టింది కదా, సాఫ్ట్‌వేర్ వచ్చిన చోట అసలు కష్టం మొదటి రోజు కాదు, రెండు వారాల తర్వాత వస్తది, డే ఎండ్ (రోజు లెక్కల ముగింపు) క్లోజ్ అవ్వదు, పాత బ్యాలెన్సులు కలవవు, వడ్డీ తేడా వస్తది. కాబట్టి ఒక్కరోజు క్లాస్ అడగకండి, మొదటి క్లాస్ అయిన నెలలోపు డౌట్ల కోసమే రెండో క్లాస్ ఉండాలని లెటర్‌లోనే రాయండి. పెద్ద కోర్సులు కావాలంటే నేషనల్ కౌన్సిల్ ఫర్ కోఆపరేటివ్ ట్రైనింగ్ కింద ఇన్‌స్టిట్యూట్లు ఉన్నాయి, పైన పుణెలో వైకుంఠ మెహతా ఇన్‌స్టిట్యూట్, మనకి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఒకటి, భువనేశ్వర్‌లో ఒకటి. దూరం చూస్తే వైజాగ్ నుంచి భువనేశ్వర్ సుమారు 440 కిలోమీటర్లు, హైదరాబాద్ 600 పైమాటే, అయినా తెలుగులో డౌట్ అడిగే వీలు కోసం నేనైతే హైదరాబాదే పంపమంటాను. సహకార బ్యాంకుల స్టాఫ్‌కి నాబార్డ్ వాళ్ల లక్నో బర్డ్, రిజర్వ్ బ్యాంకు వాళ్ల పుణె వ్యవసాయ బ్యాంకింగ్ కాలేజీ ఉన్నాయి. పిల్లలెవరైనా ఈ లైన్‌లో ఉద్యోగం చేద్దామనుకుంటే హయ్యర్ డిప్లొమా ఇన్ కోఆపరేటివ్ మేనేజ్‌మెంట్ గురించి కనుక్కోండి, 2025లో గుజరాత్ ఆనంద్‌లో త్రిభువన్ సహకారి యూనివర్సిటీ కూడా చట్టంతో వచ్చింది.

వైజాగ్‌లో ఉన్నవాళ్లకి ఇంకో పెద్ద సౌకర్యం ఉంది, దాన్ని వాడుకోవట్లేదు. యూనియన్ సహకారం గురించి చెప్పగలదు, కానీ చేపని ఐస్‌లో ఎలా పెట్టాలో, ఇంజన్ ఎలా చూసుకోవాలో చెప్పలేదు. అవి చెప్పేవాళ్లు ఇదే ఊళ్లో ఉన్నారు. చేపలు పట్టాక పాడవకుండా చూసుకోవడం, వాటితో పచ్చళ్లు, ఇతర వస్తువులు చేయడం మీద పనిచేసే నిఫాట్ యూనిట్ ఇక్కడుంది, బోట్ల మీద పనిచేసేవాళ్లకి శిక్షణ ఇచ్చే సిఫ్‌నెట్ యూనిట్ ఇక్కడుంది, కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. అలాగే అడవి ఉత్పత్తుల వైపు చూస్తే 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ హెడ్డాఫీసు వైజాగ్‌లోనే. యూనియన్‌ని మీరు అడగాల్సింది ఏంటంటే, పొద్దున్న మీరు సహకార పాఠం చెప్పండి, మధ్యాహ్నం వాళ్లని పిలిపించి పని పాఠం చెప్పించండి అని. యూనియన్ లెటర్‌హెడ్ మీద వెళ్తే ఆ సంస్థలు ఒక చిన్న సొసైటీ అడిగినదానికంటే తొందరగా స్పందిస్తాయి, ఒక్క సొసైటీకి ముప్పై మంది రాకపోయినా రెండు మూడు సొసైటీలని కలిపి యూనియన్ ఒక బ్యాచ్ చేయగలదు. ప్రాంతీయ యూనియన్ వల్ల నిజంగా పెద్ద ఉపయోగం ఇదే అని నా అభిప్రాయం, అందర్నీ ఒకచోటికి తేగలిగేది అదొక్కటే. మెంబర్లు కూడా పని పాఠం కోసం వచ్చి లెక్కల పాఠం కూడా వింటారు, ఉత్త లెక్కల పాఠానికి పిలిస్తే సగం మందే వస్తారు.

ఖర్చు సంగతి ముందే తేల్చుకోండి. ఇన్‌స్ట్రక్టర్ గౌరవ వేతనం, ప్రయాణం యూనియన్ పెట్టుకుంటుందా, భోజనం, హాలు సొసైటీ పెట్టుకోవాలా అని రాతపూర్వకంగా అడగండి. రోజుకూలీ వదులుకుని వచ్చేవాళ్లకి కనీసం కడుపునిండా భోజనం పెట్టండి, దాన్ని ఖర్చుగా చూడొద్దు. పీఏసీఎస్ అయితే నాబార్డ్ కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫండ్ నుంచి ట్రైనింగ్‌కి సాయం దొరికే అవకాశం ఉంటది, డీసీసీబీ ద్వారా కనుక్కోండి.

లెటర్ పెట్టి నెల దాటినా యూనియన్ నుంచి జవాబు రాకపోతే రిమైండర్ పంపండి, డీసీఓ ఆఫీసులో కలిసి చెప్పండి, అయినా కదలకపోతే చుట్టుపక్కల నాలుగైదు సొసైటీలు కలిసి ఒకే లెటర్ మీద సంతకాలు పెట్టండి, ఒక్కరి లెటర్‌కి, ఐదుగురి లెటర్‌కి చాలా తేడా ఉంటది. ఈలోపు ఖాళీగా కూర్చోకండి, పాస్‌బుక్ క్లాస్‌కి బయటి మనిషి అక్కర్లేదు, రిటైరైన బ్యాంకు ఉద్యోగో లెక్కల మాస్టారో మీ వీధిలోనే ఉంటారు, వాళ్లని అడిగి మొదలుపెట్టేయండి.

క్లాస్ అయిపోయాక హాజరు పట్టీ, ఫోటోలు ఎలాగూ పంపుతారు, వాటితో పాటు మెంబర్లు అడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి యూనియన్‌కి పంపండి, తర్వాతి క్లాస్ వాటి మీదే పెట్టమనండి. మూడు నెలల తర్వాత చిన్న పరీక్ష లాంటిది పెట్టుకోండి, పది మంది మెంబర్లని పట్టుకుని మీ వాటా ఎంత, సొసైటీకి రావాల్సిన మొండి బాకీ ఎంత అని అడగండి, ఎంతమంది చెప్పగలిగారో మినిట్స్‌లో రాయండి. జనరల్ బాడీ ఎజెండాలో ఆడిట్ రిపోర్ట్ పక్కనే సభ్యుల శిక్షణ అని ఒక అంశం శాశ్వతంగా పెట్టించండి, ఆ ఏడాది ఎన్ని క్లాసులయ్యాయి, ఎంత ఖర్చయింది, వచ్చే ఏడాది ఎవరికి అన్నది అక్కడ చదవాలి, యూనియన్‌కి వెళ్లే డెలిగేట్ పేరు కూడా కమిటీ గదిలో కాకుండా అదే సభలో తేల్చాలి.